పొయ్యి వెలిగించిన ప్రేతం

మానసిక ప్రేతకథా చిత్రాలను ప్రేక్షకులు ఇప్పటికీ వెదకి చూడడానికి కారణం భయం కంటె సందేహమే. జాక్ క్లేటన్ 'ది ఇన్నోసెంట్స్' (1961)లో కెమెరా ముందుగా ఉపాధ్యాయిని ముఖంలోని కలవరాన్ని చూపి, ఆ తరువాతనే ఆమె చూచినదానిని చూపుతుంది. రాబర్ట్ వైజ్ 'ది హాంటింగ్' (1963)లో ప్రేతం తెరపైకి రానే రాదు. తలుపు మీది మోతలు వినిపిస్తాయి. కనిపించినది బయట ఉన్నదా, చూచేవారి చిత్తంలో ఉన్నదా అన్న ప్రశ్నను ఈ చిత్రాలు తెగనివ్వవు. బౌద్ధ పాఠకుల వద్ద దీనికి సులువైన జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది: తృష్ణయే ప్రేతరూపం దాల్చిందని. కెంజి మిజోగుచి 'ఉగెత్సు' (1953) ఆ జవాబును సగం దూరం వరకే అంగీకరిస్తుంది.

ఉయెదా అకినారి 1776 నాటి కథాసంపుటి నుండి రెండు కథలను తీసుకొని, మిజోగుచి వాటిని పదహారవ శతాబ్దపు జపాను అంతర్యుద్ధాల నడుమ నిలిపాడు. గెంజురో కుమ్మరి. యుద్ధకాలంలో కుండలకు పలికే ధర అతనిని మైమరపిస్తుంది. భార్య మియాగిని, పసివాడిని వదలి పట్నానికి పోతాడు. అక్కడ వకాసా అనే ప్రభువంశీయురాలు అతనిని తన సౌధానికి రప్పించుకొంటుంది. ఆమె పొగిడేది అతని పాత్రల పనితనాన్ని. మోహం ఏ ద్వారాన ప్రవేశిస్తుందో ఇంత నిశితంగా చాలా ప్రవచనాలు చెప్పలేవు. చివరకు ఒక పురోహితుడు అతని దేహంపై పవిత్రాక్షరాలు రాస్తాడు. వకాసా అతనిని తాకలేకపోతుంది. సౌధం శిథిలంగా మిగులుతుంది. (మసాకి కొబయాషి 'క్వైదాన్' (1964)లోనూ ఇదే ఉపాయం. గుడ్డి గాయకుని ఒంటి నిండా ప్రజ్ఞాపారమితా హృదయసూత్రం రాసి, చెవులను మరచిపోతారు. చెవి అనేదే లేదని చెప్పే సూత్రం చెవుల మీదనే లేకపోవడంలోని చమత్కారాన్ని బౌద్ధ పాఠకులకు వివరించనవసరం లేదు.)

ఇంతవరకు సులువైన జవాబు చెల్లుతుంది. గెంజురో ఇల్లు చేరాకనే అది తడబడుతుంది. పొయ్యి చల్లారి ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. అతడు భార్యను పిలుస్తూ బయటకు పోయి ఇంటిని చుట్టి వస్తాడు. కెమెరా లోపలనే ఉండి కిటికీల గుండా అతనితో పాటు తిరుగుతుంది. అతడు ముందు గుమ్మంలో మళ్ళీ అడుగు పెట్టేసరికి, ఎక్కడా తెగని అదే షాట్‌లో, పొయ్యి వెలుగుతూ ఉంటుంది. దాని పక్కన మియాగి. ఛాయాగ్రాహకుడు కజువో మియగావా ఇందులో పొగ గాని, నీడ గాని, మరే హంగు గాని చేర్చలేదు. ఆమె భర్తకు అన్నం పెడుతుంది. తండ్రీకొడుకులు నిద్రపోయాక కూర్చొని బట్టలు కుట్టుతుంది. ఆమెను సైనికులు చంపివేశారని తెల్లవారి గ్రామపెద్ద చెప్పేవరకు అతనికి తెలియదు. ప్రేక్షకుడు ఆ ఈటెపోటును ముందే చూచాడు. అయినా పొయ్యి వెలుగు కనబడిన క్షణాన ఆమె బ్రతికే ఉండాలని కోరుకొంటాడు. వకాసా వలలో పడిన గెంజురోను చూచి జాలిపడినవాడే ఇక్కడ తానూ పడతాడు.

పేతవత్థులోని ప్రేతాలు తమ ఇండ్ల గోడల వెలుపల, వాకిళ్ళ వద్ద నిలిచి, బంధువులు తమ పేర చేసే దానానికై ఎదురుచూస్తాయి. ఆకలి పోయినవారిది, అన్నం ఉన్నవారిది. మియాగి విషయంలో ఇది తలక్రిందులైంది. ఆకలితో వచ్చినవాడు బ్రతికి ఉన్నవాడు, వడ్డించినది ప్రేతం. వకాసాను ఆపిన అక్షరాల వంటివి ఈమెకు అడ్డుగా ఎవరూ రాయరు, రాయాలని ఎవరికీ తోచదు. ఇది ఇంటిపై తీరని ఆసక్తియా, కరుణయా అన్నది చిత్రం తేల్చదు. తేల్చకపోవడంలోనే దాని బలం ఉంది. ముగింపులో చక్రం ముందు కూర్చున్న భర్తకు మియాగి స్వరం ధైర్యం చెప్పడం మాత్రం అనవసరం. కళ్ళతో చూచినదానినే మళ్ళీ పలికించినట్లయింది. దాని వెనుక వచ్చే చిన్న చర్య చాలు: పిల్లవాడు అన్నం గిన్నెతో పరుగెత్తి, దానిని తల్లి సమాధి ముందు ఉంచుతాడు.