అనుభవం - అర్హత - సరిహద్దు: జెన్నీ ముర్రే రేడియో నిష్క్రమణపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
బీబీసీ రేడియో 4లో ప్రసారమయ్యే ‘ఉమన్స్ అవర్’ కార్యక్రమాన్ని ముప్పై మూడేళ్లపాటు నిర్వహించిన జెన్నీ ముర్రే 2020 అక్టోబరు 1న ఆ బాధ్యత నుండి తప్పుకున్నారు. 2017లో ఆమె రాసిన ఒక పత్రికావ్యాసం, దానిపై సంస్థ స్పందన, ఆమె చివరి ప్రసారం అనే మూడింటినీ కలిపి చదవడం ఈ వ్యాస ఉద్దేశం. ఆమె వృత్తిజీవితంలో స్త్రీ అనుభవం మాట్లాడే అర్హతగా పనిచేసింది. అదే అనుభవం ఇతరులను వెలుపల నిలిపే కొలతగా మారినప్పుడు ఆ వాదం ఎక్కడ తడబడిందో ఇక్కడ పరిశీలించబడుతుంది.

కీలకపదాలు: రేడియో, స్త్రీవాదం, జెండర్, ట్రాన్స్ స్త్రీలు, నిష్పాక్షికత, అనుభవం.

ఏకవచనంలో స్త్రీ

‘ఉమన్స్ అవర్’ 1946 అక్టోబరు 7న బీబీసీ లైట్ ప్రోగ్రామ్‌లో ప్రారంభమైంది. యుద్ధం ముగిసి, కర్మాగారాలలో పనిచేసిన స్త్రీలు తిరిగి వంటింటికి చేరుతున్న కాలమది. మధ్యాహ్నం రెండు గంటలకు, ఇంటి పనులు ఒక కొలిక్కి వచ్చే వేళకు దానిని ప్రసారం చేసేవారు. తొలి వ్యాఖ్యాత అలన్ ఐవిమీ అనే పురుషుడు. తొలినాటి ప్రసంగాలలో ఒకటి తల్లి మధ్యాహ్న భోజనం గురించి, మరొకటి ముఖాలంకరణ గురించి. ఈ రెండో విషయం తరువాతి చర్చలో మళ్లీ అవసరమవుతుంది కనుక గుర్తుంచుకోదగినది.

కార్యక్రమం పేరులోని ఏకవచనం గమనార్హం. ఆ గంట ‘స్త్రీలది’ కాదు, ‘స్త్రీది’. శ్రోతలందరూ కలిసి ఒకే స్త్రీ అవుతారన్న నమ్మకం ఆ పేరులో ఉంది. తెలుగులో ఇటువంటి పేరు సహజంగా పలకదు. ‘మహిళల కార్యక్రమం’ అన్న బహువచనమే మన చెవికి అలవాటు. తెలుగు వ్యాకరణం ఈ విషయంలో మరొక చిత్రమైన సంగతి చెబుతుంది. ఏకవచనంలో స్త్రీవాచకానికి, పశుపక్ష్యాదులకు, జడపదార్థాలకు క్రియ ఒక్కటే: ఆమె వచ్చింది, బండి వచ్చింది. బహువచనంలో మాత్రమే స్త్రీలకు పురుషులతో సమానంగా మనుష్యవాచక క్రియ దక్కుతుంది: స్త్రీలు వచ్చారు. ఒంటరిగా ఉన్నంతసేపు అమహత్తుగా ఉన్న పదం పదిమందితో కలిసినప్పుడు స్థాయి మార్చుకుంటుంది. మర్యాదార్థంలో ‘ఆమె వచ్చారు’ అనడం కూడా బహువచనాన్ని అరువు తెచ్చుకోవడమే. ఇంగ్లీషు కార్యక్రమపు ఏకవచనం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. ఆ ఒక్క స్త్రీ ఎవరన్న ప్రశ్న దాదాపు డెబ్భై ఏళ్లపాటు ఆ శీర్షికలోనే నిద్రాణంగా ఉండిపోయింది.

మాట్లాడే అర్హత

ముర్రే 1950లో ఉత్తర ఇంగ్లండులోని బొగ్గుగనుల పట్టణం బార్న్‌స్లీలో జన్మించారు. 1973లో బీబీసీ రేడియో బ్రిస్టల్‌లో చేరి, ప్రాంతీయ టెలివిజన్, ‘న్యూస్‌నైట్’ మీదుగా 1987లో ‘ఉమన్స్ అవర్’కు వచ్చారు. 2011లో ఆమెకు ‘డేమ్’ గౌరవం లభించింది. ఈ వివరాల కన్నా ఆమె స్వరం ఎటువంటి అధికారాన్ని సంపాదించిందన్నది విమర్శకు ముఖ్యం. రుతువిరతి గురించి 2001లో ఆమె ఒక పుస్తకం ప్రచురించారు. 2006 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సర్ సోకిన సంగతిని శ్రోతలకు తానే తెలియజేశారు. తల్లితో తన సంబంధంలోని కరకుదనాన్ని 2008 నాటి స్వీయచరిత్రలో రాశారు. స్థూలకాయంతో జీవితాంతం సాగిన పెనుగులాటను 2020లో పుస్తకంగా తెచ్చారు.

ఇవి ఒక వ్యక్తి రాసుకున్న సొంత సంగతులు మాత్రమే కావు. ఆమె నిర్వహించిన ప్రసారరూపమే అటువంటిది. నలుగురిలో చెప్పుకోకూడనివిగా ఎంచిన దేహవిషయాలను ప్రశాంతమైన, కొంత లోతైన గొంతుతో పగటివేళ లక్షల ఇళ్లలోకి చేర్చడమే ఆ కార్యక్రమం సాధించిన గౌరవానికి మూలం. ఆ రూపంలో వ్యాఖ్యాత తటస్థురాలు కాదు. తానూ అనుభవించినది కాబట్టే అడగగలదు, అడిగితే ఎదుటివారు చెప్పగలరు. వార్తాప్రసారంలో వ్యక్తిగతం ఒక లోపం. ఇక్కడ అదే పెట్టుబడి.

అభిప్రాయాలు చెప్పడం కూడా ఆమెకు 2017లో కొత్తగా అబ్బినది కాదు. వివాహవ్యవస్థ స్త్రీకి అవమానకరమని, అది చట్టం అనుమతించిన వ్యభిచారం వంటిదని 1992లోనే ఆమె రాశారు. ఆ తరువాత మరో ఇరవై ఎనిమిదేళ్లు ఆమె ఆ కార్యక్రమాన్ని నిర్వహించారు. వివాహం ఆ కార్యక్రమపు విషయాలలోంచి ఏనాడూ తప్పుకోలేదు. (2003లో తన దీర్ఘకాల సహచరుడిని ఆమె పెళ్లి చేసుకున్నారు. సిద్ధాంతానికీ జీవితానికీ మధ్య ఉండే ఈ సందు స్త్రీవాద స్వీయచరిత్రలు చదివినవారికి అపరిచితం కాదు.)

2017 వ్యాసం: వాదం, దాని బీటలు

2017 మార్చిలో ‘సండే టైమ్స్’ పత్రిక అనుబంధంలో ఆమె వ్యాసం వెలువడింది. ట్రాన్స్ వ్యక్తులు గర్వంగా జీవించవచ్చు గాని తమను తాము ‘నిజమైన స్త్రీలు’గా చెప్పుకోరాదన్నది దాని శీర్షిక సారాంశం. ట్రాన్స్ వ్యక్తులపై హింసను, వేధింపును ఆమె అందులో ఖండించారు. ఈ భాగాన్ని వదిలేసి శీర్షికను మాత్రమే పట్టుకున్న ప్రతిస్పందనలు విమర్శగా నిలవవు.

వ్యాసంలో ఆమె తన స్టూడియో అనుభవాలు రెండింటిని ఆధారం చేసుకున్నారు. ఒకటి, 2000లో లింగపరివర్తన చేసుకున్న క్రైస్తవ మతాచార్యురాలు కరోల్ స్టోన్‌తో జరిపిన సంభాషణ. కొత్త జీవితంలోకి అడుగుపెడుతూ ఆమె దుస్తుల గురించి, అలంకరణ గురించి ఆలోచించడం ముర్రేకు కోపం తెప్పించింది. స్త్రీలకు మతాచార్యత్వం దక్కడానికి ఎన్నేళ్ల పోరాటం జరిగిందో ఆ మాటలలో కనిపించలేదని ఆమె బాధ. రెండవది, ప్రసారకర్త ఇండియా విల్లోబీతో 2016లో జరిగిన చర్చ. లండన్‌లోని ఒక హోటలు తన మహిళా ఉద్యోగులకు కాళ్ల మీది వెంట్రుకలు సహా విధించిన నియమాలు అందులో ప్రస్తావనకు వచ్చాయి. వాటిలో తప్పు పట్టవలసినదేమీ విల్లోబీకి కనిపించలేదు.

ఈ వాదానికి ఆధారం జీవశాస్త్రమని సాధారణంగా అనుకుంటారు. వ్యాసాన్ని నిదానంగా చదివితే ఆమె మొగ్గు వేరని తెలుస్తుంది. ఆడపిల్లగా పెరగడం, తక్కువ చూపుకు గురికావడం, పురుషుడిగా లభించే వెసులుబాట్లు ఎన్నడూ దక్కకపోవడం ఆమె దృష్టిలో స్త్రీని ‘నిజం’ చేస్తాయి. ఇది దేహవాదం కాదు, సామాజికీకరణ వాదం. స్త్రీత్వాన్ని సమాజం తీర్చిదిద్దుతుందన్న సిమోన్ ద బోవా 1949 నాటి ప్రతిపాదనకు, సెక్స్‌నూ జెండర్‌నూ వేరుచేసి 1972లో ఆన్ ఓక్లీ రాసిన గ్రంథానికి అది వారసురాలు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్త్రీత్వం పుట్టుకతో నిర్ణయమైపోదని చెప్పడానికి పుట్టిన భావనను ఆమె పుట్టుకతోనే మొదలయ్యే సరిహద్దుగా వాడారు. పెంపకం స్త్రీని తయారు చేస్తుందన్నప్పుడు, ఆ తయారీ ఏ వయసులో మొదలైతే చాలుతుంది, ఏ వయసులో ముగిసిపోతుంది అన్న ప్రశ్నకు ఆ వ్యాసంలో సమాధానం లేదు.

రెండవ బీట మరింత స్పష్టం. అలంకరణ మోజు ‘నిజమైన’ స్త్రీకి తగనిదైతే, 1946లో ముఖాలంకరణ ప్రసంగంతో బయలుదేరిన కార్యక్రమపు శ్రోతల సంగతేమిటి? పితృస్వామ్యం నేర్పిన అందపు కొలతలను పాటించే స్త్రీలు కోట్లమంది ఉన్నారు. వారిని స్త్రీవాదం విమర్శించింది గాని వారి స్త్రీత్వాన్ని శంకించలేదు. ఒకే ప్రవర్తన ఒకరి విషయంలో అణచివేత ఫలితంగా, మరొకరి విషయంలో నకిలీతనపు గుర్తుగా లెక్కకు వచ్చింది. విల్లోబీ మాటలోని స్త్రీవాద దృష్టిలోపాన్ని ముర్రే సరిగానే పట్టుకున్నారు. ఆ లోపం నుండి ‘స్త్రీ కాదు’ అన్న నిర్ణయానికి చేరడమే తర్కదోషం.

తెలుగు స్త్రీవాద విమర్శకు పరిచయమైన మూడవ అభ్యంతరం కూడా ఉంది. అనుభవమే కొలత అయితే, ఎవరి అనుభవం? 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవిత్వాన్ని ఒకచోట చేర్చింది. ఆ దశాబ్దంలోనే దళిత, ముస్లిం, బహుజన స్త్రీలు ‘స్త్రీ’ అన్న ఏకవచనాన్ని నిలదీశారు. 1921 నుండి 2002 వరకు దళిత స్త్రీల సాహిత్యాన్ని సమీకరించిన గోగు శ్యామల సంకలనం ‘నల్లపొద్దు’ ఆ నిలదీతకు ఒక ఆకరంగా నిలిచింది. పొలంలో కూలి చేసే స్త్రీకీ, గడప దాటరాని స్త్రీకీ బాల్యం ఒకటి కాదని ఆ చర్చ తేల్చింది. అంతమాత్రాన ఎవరి స్త్రీత్వమూ రద్దు కాలేదు, పదమే వెడల్పయింది. ముర్రే వాదం ఇటువంటి ఒత్తిడిని ఎదుర్కొని నిలిచినట్లు కనిపించదు. అయితే ఈ పోలికను మరీ సాగదీయరాదు. దళిత స్త్రీల ప్రశ్న వర్గంలోపలి భేదం గురించినది, ట్రాన్స్ స్త్రీల ప్రశ్న వర్గప్రవేశం గురించినది. బ్రిటన్ చర్చలోని అత్యంత కఠినమైన అంశాలైన ఆశ్రయగృహాలు, కారాగారాలు, క్రీడలు ఈ రెండవ కోవకు చెందినవి. వాటిని కేవలం పద విస్తరణతో పరిష్కరించలేమన్న ముర్రే పక్షపు ఆందోళనను కొట్టిపారేయడం న్యాయం కాదు.

సంస్థ మౌనం

వ్యాసం వెలువడ్డాక, తమ కార్యక్రమంలో చర్చకు వచ్చే వివాదాస్పద విషయాలపై వ్యాఖ్యాతలు నిష్పాక్షికంగా ఉండాలని బీబీసీ ఆమెకు గుర్తుచేసింది. ట్రాన్స్ విషయాలపై చర్చలకు తనను దూరంగా ఉంచారని నిష్క్రమణ తరువాత ఆమె రాశారు. 2018 నవంబరులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ చరిత్ర సంఘంలో ఆమె ప్రసంగించవలసి ఉండగా విద్యార్థి బృందాలు అభ్యంతరం తెలిపాయి. వ్యక్తిగత కారణాలతో ఆమె ఆ సభ నుండి విరమించుకున్నారు. ఆ ప్రసంగ విషయం బ్రిటిష్ చరిత్రలోని శక్తిమంతులైన స్త్రీలు.

నిష్పాక్షికత ప్రజా ప్రసారానికి ప్రాణమనడంలో సందేహం లేదు. కాని ఇక్కడ ఆ సూత్రం తప్పు ప్రశ్నకు సమాధానమైంది. దేహం, రోగం, ముదిమి, వివాహం వంటి విషయాలన్నింటిలో ఆమె పక్షమే కార్యక్రమానికి బలమని స్వీకరించిన సంస్థ, స్త్రీ ఎవరన్న ప్రశ్న వద్ద మాత్రం పక్షంలేని గొంతును కోరింది. ఫలితం రెండు వైపులా నష్టమే. ఆమె వాదంలోని బీటలను ఆమె ఎదుటే, ఆమె గంటలోనే, ఒక ట్రాన్స్ స్త్రీ నెమ్మదిగా చూపించగల సందర్భం లేకుండా పోయింది. పత్రికల శీర్షికలు ఆ చోటును ఆక్రమించాయి. మూడు దశాబ్దాలుగా కష్టమైన సంభాషణలకు వేదికగా పేరుపొందిన ప్రసారరూపం, దానికి అత్యంత అవసరమైన సంభాషణను తన ప్రధాన వ్యాఖ్యాత లేకుండా జరుపుకోవలసి వచ్చింది.

చట్టం కూడా అదే కాలంలో కదులుతోంది. 2004 నాటి లింగగుర్తింపు చట్టాన్ని సంస్కరించే విషయమై 2018లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. స్వీయప్రకటన పద్ధతిని తీసుకురాబోమని ప్రభుత్వం 2020 సెప్టెంబరు 22న, ముర్రే చివరి ప్రసారానికి తొమ్మిది రోజుల ముందు, ప్రకటించింది. 2010 సమానత్వ చట్టంలో ‘స్త్రీ’ అన్న పదానికి జీవశాస్త్రపరమైన లింగమే అర్థమని బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. లింగపరివర్తన ప్రాతిపదికన ట్రాన్స్ వ్యక్తులకు ఆ చట్టం ఇచ్చే రక్షణ కొనసాగుతుందనీ పేర్కొంది. ఇది ముర్రే వాదానికి విజయమని భావించేవారు ఒక సంగతి విస్మరిస్తున్నారు. న్యాయస్థానం ఒక శాసనంలోని పదానికి అర్థం నిర్ణయించింది. అందుకు తీసుకున్న ఆధారం పుట్టుకనాటి దేహమే గాని, ముర్రే నమ్మిన పెంపకం, అనుభవం కావు. గెలిచినట్లు కనిపించే పక్షంలో ఆమె వాదానికి చోటు దొరకలేదు.

భారతదేశంలో 2014 నాటి నల్సా తీర్పు స్వీయగుర్తింపును హక్కుగా అంగీకరించి, పురుష, స్త్రీ, తృతీయ లింగాలలో దేనినైనా ఎంచుకునే వీలు చెప్పింది. హిజ్రా సమాజానికి ఇక్కడ ఉన్న దీర్ఘచరిత్ర వల్ల ఈ ప్రశ్న బ్రిటన్‌లో పుట్టిన రూపంలో ఇక్కడ పుట్టలేదు. ‘లింగం’ అన్న ఒకే మాటతో సెక్స్‌నూ జెండర్‌నూ నెట్టుకొచ్చే తెలుగు రచనలు ఆ చర్చను యథాతథంగా దిగుమతి చేసుకున్నప్పుడు ఈ తేడా చెరిగిపోయే ప్రమాదం ఉంది.

చివరి ప్రసారం

2020 అక్టోబరు 1 నాటి ప్రసారం హెలెన్ రెడ్డి పాటతో ముగిసింది. (ఈమె ఆస్ట్రేలియా గాయని, తెలుగు పాఠకులకు కలగగల భ్రమకు ఇంటిపేరే కారణం.) ఆ గాయని రెండు రోజుల క్రితమే మరణించారు. పాట శీర్షికకు అర్థం ‘నేను స్త్రీని’. 1970లలో స్త్రీ ఉద్యమం తనదిగా చేసుకున్న పాట అది. వీడ్కోలుకు అంతకన్నా తగిన ఎంపిక ఉండదు.

అయినా ఆ శీర్షికను 2017 వ్యాసం పక్కన పెట్టి చదవక తప్పదు. ‘నేను స్త్రీని’ అన్నది ఉత్తమపురుష వాక్యం. ముర్రే వృత్తిజీవితంలోని శ్రేష్ఠమైన భాగమంతా ఆ వాక్యానికి విస్తరణ. తన రోగాన్ని, తన వయసును, తన దేహాన్ని చెప్పి, వింటున్నవారికీ చెప్పుకునే ధైర్యమివ్వడం. 2017 వ్యాసం మధ్యమపురుషలోకి మారింది: మీరు కారు. మొదటి వాక్యానికి అనుభవం చాలిన ఆధారం, రెండవదానికి చాలదు. ఆమె స్టూడియోకు వచ్చిన స్టోన్, విల్లోబీలు పలికినదీ ఆ పాట పలికిన ఉత్తమపురుష వాక్యమే.

2021 జనవరిలో ఎమ్మా బార్నెట్ ప్రధాన వ్యాఖ్యాతగా బాధ్యత చేపట్టారు. కార్యక్రమం పేరు ఏకవచనంలోనే కొనసాగింది.