ఎడిటర్‌కి వరస తెలియని గుర్తులు

విమ్‌లో హాస్కెల్ కోడ్ తెరిచి, >>= మీద కర్సర్ పెట్టి, నక్షత్రం కీ నొక్కి చూడండి. ఆ గుర్తు ఇంకెక్కడెక్కడ ఉందో చూపిస్తుందనుకుంటాం. చూపించదు. ఆ లైన్లో తర్వాత వచ్చే పేరు పట్టుకుని దాని వెంట పోతుంది. ఆ కీ లెక్కలో మాట అంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్. మిగతా గుర్తులన్నీ మాటల మధ్య ఖాళీతో సమానం. నేను రోజూ రాసే భాషలో అసలు పని జరిగేది ఆ గుర్తుల్లోనే.

సొంత ఆపరేటర్లు చేసుకునే వీలు కొత్తదేం కాదు. అల్గోల్ 68లోనే ఆపరేటర్ రాసుకుని, దానికి ప్రాధాన్యం కూడా ఇచ్చుకోవచ్చు. హాస్కెల్‌లో ఆ ప్రాధాన్యం 0 నుంచి 9 దాకా. ఎడమ నుంచి కలవాలా, కుడి నుంచి కలవాలా అన్నదీ చెప్పొచ్చు. $ కి 0, >>= కి 1, <$> కి 4. ఏమీ చెప్పకపోతే ఎడమ నుంచి 9. ఇక్కడే ఉంది చిక్కు. ఒకరు తమ సొంత సంఖ్యల రకానికి కూడికగా |+|, గుణకారంగా |*| రాసి, ప్రాధాన్యం ప్రకటించడం మరిచారనుకోండి. 2 |+| 3 |*| 4 అంటే 14 రావాల్సిన చోట 20 వస్తుంది. టైపులన్నీ సరిపోయాయి కనుక కంపైలర్ నోరెత్తదు.

ప్రకటించినా ఎడిటర్ కష్టం తీరదు. ఆ ప్రకటన ఈ ఫైల్లోనే ఉండనక్కర్లేదు. ఇంపోర్ట్ చేసుకున్న లైబ్రరీలో ఉండొచ్చు, వాడిన చోటుకి దిగువన ఉండొచ్చు, ఆఖరికి ఒక వేర్ బ్లాక్ లోపల కూడా ఉండొచ్చు. చుట్టం పేరు తెలిసి వరస తెలియకపోతే ఎలా పలకరించాలో తోచనట్టే ఇదీను. జీహెచ్‌సీ కంపైలర్ సైతం మొదట గుర్తులను వచ్చిన వరుసలోనే పెట్టుకుని, ఇంపోర్టులన్నీ తేలాక మళ్లీ సర్దుకుంటుంది. కంపైలరే రెండుసార్లు చూసేదాన్ని, ఒక్క ఫైలు మాత్రమే చదివే ట్రీ-సిట్టర్ లాంటి ఎడిటర్ పార్సర్ ఎలా తేల్చగలదు?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఫార్మాటర్ల సంగతి. పొడుగు లైన్ విరిచేటప్పుడు ఏది దేనితో కలుస్తుందో తెలియక, ఊహించి ఇండెంట్ చేస్తాయి. ప్రోగ్రామ్ ఫలితం మారదు. చదివేవాళ్ల కన్ను మాత్రం తప్పుదారి పడుతుంది, ఇండెంటేషన్‌ని నమ్మే కదా అందరం చదివేది. కోడ్ రివ్యూలో ఆ ఆకారం చూసి "ఈ రెండూ ముందు కలుస్తాయి" అని వాదించే జూనియర్‌ని నేను తప్పుపట్టలేను. ఓర్మొలు అనే ఫార్మాటర్ ఈ లోటు గుర్తించి, ప్రాజెక్టులో ఒక ఫైలు పెట్టి ప్రాధాన్యాలు మనమే రాసిచ్చే వీలు కల్పించింది. పని నడుస్తుంది. కానీ ఒకే సంగతి రెండు చోట్ల రాసి ఉంటే, ఏదో ఒక రోజు ఒకటి మారి రెండోది పాతదిగా మిగిలిపోతుంది.

ఓకామ్ల్‌లో ఈ బెడద లేదు. గుర్తు * తో మొదలైతే (** తో కాకుండా) గుణకారం స్థాయి, + తో మొదలైతే కూడిక స్థాయి. పక్క ఫైలు తెరవకుండానే ఏ ఎడిటరైనా చెప్పగలదు. స్కాలాదీ దాదాపు ఇదే దారి. ఎల్మ్ అయితే 2018లో, 0.19 వెర్షన్‌తో, మామూలు ప్రోగ్రామర్లకు సొంత ఆపరేటర్లే లేకుండా చేసింది. అది నాకు రుచించలేదు. పార్సర్ కాంబినేటర్లు ఆ గుర్తులు లేకుండా రాయబోతే బ్రాకెట్లు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది.

ఎడిటర్ ఊహించడం మానేసి కంపైలర్‌ని అడగాలి. హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్ చేస్తున్నది అదే: గుర్తు మీద మౌస్ ఆనిస్తే టైపుతో పాటు ప్రాధాన్యం, దిక్కు కూడా చూపిస్తుంది. ప్రాజెక్టు సరిగా లోడ్ కానప్పుడు మాత్రం అదీ చేతులెత్తేస్తుంది. కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లకు తరచూ ఎదురయ్యేది సరిగ్గా ఆ పరిస్థితే. అందుకే లైబ్రరీలు రాసేవాళ్లను అడుగుతున్నాను. ప్రతి ఆపరేటర్‌కీ ప్రాధాన్యం ప్రకటించండి. దాంతోపాటు అదే పని చేసే మామూలు పేరున్న ఫంక్షన్ ఒకటి ఇవ్వండి, లెన్స్ లైబ్రరీలో ^. కి వ్యూ, .~ కి సెట్, %~ కి ఓవర్ ఉన్నట్టు. పేరుంటే వెతుక్కోవచ్చు, ఫోన్లో అవతలివాళ్లకు చదివి వినిపించొచ్చు.