శత్రువు చేసినది మాత్రమే చరిత్రయా?

తెలంగాణా సాయుధపోరాటమున (1946-51) పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యను పేర ప్రకటించిరి. వీరగాథలు మనకు కొదువలేదు. అవి విడిచిపెట్టిన సంగతులను స్త్రీల నోటనే వినిపించుట యీ గ్రంథముయొక్క గుణము.

1946లో నాటి జనగామ తాలూకాలోని ఆకునూరున నిజాము పోలీసులు స్త్రీలపై అత్యాచారములు జరిపిరి. పద్మజానాయుడుగారు స్వయముగా పోయి విచారించిరి. పిమ్మట రజాకార్లు చేసిన దుండగములును, 1948 పోలీసుచర్య తరువాతి సైనికుల దౌష్ట్యములును పుచ్చలపల్లి సుందరయ్యగారి 1972 నాటి చరిత్రగ్రంథమున కెక్కినవి. ఎక్కవలసినవే. శత్రువు పాపమును వ్రాయుటకు ఏ కలమును వెనుదీయదు.

అయితే దళములోని స్త్రీకి భయము శత్రువునుండి మాత్రమే కలిగెనా? సహచరుల అనుచిత వర్తనము, పెండ్లికై ఒత్తిడి, ఒంటరి స్త్రీపై అనుమానము ఈ మాటల నడుమ అచ్చటచ్చట బయటపడుచున్నవి. పురుషుని తప్పునకు ‘స్త్రీల సమస్య’ యని పేరు పెట్టినచో, నేరము జారిపోయి బాధితయే భారమగును. వరంగల్లు ప్రాంతపు కమలమ్మ దళముకొరకు కన్నబిడ్డను పరుల చేత బెట్టవలసివచ్చెను. అంతటి త్యాగమును కోరిన ఉద్యమము ఆమెవంటివారి మానమునకు పూచీపడుట ధర్మము కాదా?

ఏ సేనయందైనను చిక్కు ఒక్కటే. ఆజ్ఞ యిచ్చువాడును, అన్నము పంచువాడును, ఫిర్యాదు వినువాడును ఒక్కడే యైనపుడు, ఆతడే దోషియైనచో స్త్రీ ఎవరితో మొరపెట్టుకొనును? అడవిలో రహస్యముగా బ్రతుకు దళమున వెలుపలి న్యాయస్థానమునకు దారియే లేదు. పనిచేయుచోట లైంగిక వేధింపులను నిషేధించు చట్టము మనదేశమున 2013లో గాని రాలేదు. విచారణసంఘమున బయటివారొకరు ఉండవలెనని అది విధించుట ఈ చిక్కు నెరిగియే.

ఇంటిగుట్టు లంకకు చేటని, ఇట్టి సంగతులు వీరుల కీర్తికి మచ్చయని కొందరందురు. గుట్టువలన రక్షింపబడినదెవరు? దోషియే గాని ఆమె కాదు. ఈ స్త్రీలు తమ గాయమును చెప్పుచునే ఆ పోరాటమును తమ జీవితమున మహోజ్జ్వల కాలముగా తలచుకొనిరి. గర్వమును, ఫిర్యాదును ఒకే నోట వినిపించిన ఈ గ్రంథము పోరాటమును చిన్నబుచ్చలేదు.

లోపము లేకపోలేదు. ముప్పదియేండ్లకు పైగా గడచిన పిమ్మట చెప్పిన మాటలగుటచే కొన్ని సగములోనే ఆగినవి. చదువరి ఆ మౌనమును గూడ చదువవలెను. వరంగల్లునుండి బయలుదేరు రేపటి చరిత్రకారులు శత్రుశిబిరముతోపాటు స్వశిబిరమును గూడ శోధింతురని మేము ఆశించుచున్నాము.