సాలు కనపడేలా కోసిన రేకు

ట్రాక్టరు అందంగా ఉందో లేదో రోడ్డు మీద నిలబడి తేల్చకూడదు. సీటెక్కి కూర్చోవాలి. స్టీరింగు పట్టుకుని ముందుకు చూసినప్పుడు బానెట్ ఎంత నేలను మింగేసింది, ముందు చక్రం ఎక్కడ తిరుగుతోందో కంటికి అందుతోందా, వెతుక్కోకుండానే చెయ్యి లివరు మీదికి వెళ్తోందా అన్నది చూసుకోవాలి. పాత ట్రాక్టర్లను ప్రేమించేవాళ్లూ కొత్తవాటిని మెచ్చుకునేవాళ్లూ వాదనకు దిగితే ఎక్కువసేపు ముఖాల గురించే మాట్లాడుకుంటారు. గుండ్రటి దీపాలు బాగున్నాయా, ఎల్‌ఈడీ గీతలు బాగున్నాయా అని. సీటు మీదినుంచి చూస్తే ఆ వాదన స్వరూపమే మారిపోతుంది. అలా చూసినప్పుడు నాకు అన్నిటికన్నా గొప్ప పనితనం కనిపించేది 1938లో రూపం మార్చుకుని వచ్చిన జాన్ డీర్ మోడల్ ఎ, మోడల్ బి ట్రాక్టర్లలో.

మోడల్ ఎ అంతకు ముందే ఉంది. 1934లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, వాటర్లూ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. మరుసటి ఏడాది అదే పోలికతో, చిన్న కమతాలకు సరిపడేలా మోడల్ బి వచ్చింది. ఇంజనులో రెండే సిలిండర్లు. వాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టారు. రెండు సిలిండర్లు విడివిడిగా పేలే ఆ టపటప మోతకు అక్కడి రైతులు దాన్ని ముద్దుగా జానీ పాపర్ అని పిలుచుకున్నారు. మొదటి రూపంలో దాచుకోవడమంటూ ఏమీ లేదు. ముందు రేడియేటరు నిలువునా బోసిగా నిలబడి ఉండేది. గొట్టాలు, రాడ్లు, బోల్టులు అన్నీ బయటికే కనిపించేవి. వికారంగా ఉందనను. పని చేసే ఇనుములో ఒక నిజాయితీ ఉంటుంది. కానీ భాగాలన్నీ ఎవరికి వారే అన్నట్టుండేవి.

ఆ ట్రాక్టరు చేయాల్సిన పని గుర్తుంచుకుంటే తప్ప దాని రూపం అర్థం కాదు. అయోవా అంటే మొక్కజొన్న చేలు. మనం గుంటక తోలినట్టే అక్కడ సాళ్ల మధ్య కలుపు తీయడానికి కల్టివేటరు తోలుతారు. ఆ రోజుల్లో ఆ కల్టివేటరు ట్రాక్టరు వెనక ఉండేది కాదు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య, ఇంజనుకు రెండు పక్కలా బిగించేవారు. జానెడు మొక్కలు ట్రాక్టరు కడుపు కింది నుంచి జారిపోతుంటే, డ్రైవరు బానెట్ పక్కలనుంచి కిందికి చూస్తూ పారలు మొక్కను కోయకుండా నడపాలి. ఎద్దుల మధ్యగా, కాడి మీదుగా సాలును చూసుకుంటూ నడిచినట్టే ఇదీ. బానెట్ రెండంగుళాలు వెడల్పయితే ఆ మేరకు సాలు కంటికి దూరమవుతుంది.

1930ల నడిమికి వచ్చేసరికి కొనేవాళ్ల కళ్లు కూడా మారాయి. ఇనుప చక్రాల స్థానంలో రబ్బరు టైర్లు వచ్చాయి. 1932లో ఆలిస్-చామర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్ టైర్లతో ఆ దారి తెరిచింది. రబ్బరు టైరుతో ట్రాక్టరు పొలం దాటి ఊళ్లోకి, సంతకు, చర్చి దాకా వెళ్లగలిగింది. నలుగురి కంట్లో పడింది. 1935లో ఆలివర్ 70 నునుపైన ఆరు సిలిండర్ల ఇంజనుతో వచ్చి, రెండేళ్లకు ఇంజనును కప్పేసే పక్క రేకులతో ముస్తాబైంది. వాటర్లూ ఇంజనీర్లు ఈ మార్పును గమనించారు. 1937లో వాళ్ల తరఫున ఎల్మర్ మెకార్మిక్ అనే ఇంజనీరు న్యూయార్క్ వెళ్లి హెన్రీ డ్రైఫస్ తలుపు తట్టాడు.

డ్రైఫస్‌కు అప్పటికి ముప్ఫయి మూడేళ్లు. నార్మన్ బెల్ గెడెస్ దగ్గర నాటకాల రంగాలంకరణ నేర్చుకుని, తర్వాత వస్తువుల రూపకల్పనలోకి వచ్చినవాడు. బెల్ కంపెనీ టెలిఫోన్ ఆయన చేతి మీదుగా రూపుదిద్దుకుంది. ట్వెంటీయత్ సెంచరీ లిమిటెడ్ రైలుకు కొత్త రూపం ఇచ్చిందీ ఆయనే. వస్తువు ఎలా ఉందన్నదాని కంటే, దాన్ని పట్టుకున్న మనిషి ఎలా ఉన్నాడన్నదే ఆయన ఆలోచన. ఆ మనిషి ఈసారి మొక్కజొన్న చేలో గంటల తరబడి మెడ వంచి చూసే రైతు.

డ్రైఫస్ చేసిన మొదటి పని రేడియేటరును రేకుతో కప్పడం. వినడానికి ఇది అలంకారంలా ఉంటుంది కానీ, ఆ రేడియేటరు అంత పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది. ఆ ఇంజనుకు నీటి పంపు లేదు. వేడెక్కిన నీరు తనంతట తానే పైకెక్కి, చల్లబడ్డ నీరు కిందికి దిగే పద్ధతిలోనే చల్లబరచుకునేది. అందుకు ఎత్తయిన రేడియేటరు కావాలి. దాన్ని పొట్టి చేసే వీలు లేదు. అందుకని ఆ ఎత్తునే ఆయన రూపానికి ఆధారం చేసుకున్నాడు. నిలువుగా, సన్నగా ఒక తొడుగు, దాని నడుమ పైనుంచి కిందికి ఒక పట్టీ, పట్టీకి రెండు పక్కలా వరసగా అడ్డగీతల్లా చీలికలు. గాలి లోపలికి పోవాలి కనుక చీలికలు పెట్టాలి. వాటిని అడ్డంగా పెట్టడంతో ఆ పొడుగు ముఖం మీద నిలువు భారం తగ్గింది. ఆ చీలికల లయను ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు. ఒక్కటి తీసేసినా, ఒక్కటి కలిపినా అది చెదిరిపోతుంది.

ఆ తొడుగు వెనక నుంచి సీటు దాకా బానెట్ సన్నగా సాగుతుంది. పడుకోబెట్టిన ఇంజను కిందనే ఉండిపోవడంతో బానెట్ కింద ఉన్నది ప్రధానంగా ఇంధనం ట్యాంకే. ఇంజను పైకి పొడుచుకు రాదు కనుక ఆ రేకును కురచగా కోయగలిగారు. పక్కల్ని లోపలికి తీశారు. సీటులో కూర్చుంటే ఆ సన్నని పచ్చ రేకుకు అటూ ఇటూ నేల కనిపిస్తుంది. కొనేవాడు దూరంనుంచి చూసి నాజూకు అనుకున్నదీ, తోలేవాడు సీటెక్కి చూసి సాలు కనబడుతోందని తృప్తి పడ్డదీ ఒకే గీత. నేను పనితనమని చేతులెత్తి మొక్కేది దానికే.

ఆయన కప్పకుండా వదిలేసినవి కూడా చూడాలి. ఎడమ పక్క ఫ్లైవీలు అలాగే బయట ఉంది, ఎందుకంటే దాన్ని చేత్తో తిప్పితేనే ఇంజను స్టార్టయ్యేది. కుడి పక్క బెల్టు పుల్లీ కూడా బయటే ఉంది, నూర్పిడి యంత్రానికి బెల్టు తగిలించాలి కనుక. మెకానిక్కు చెయ్యి దూర్చాల్సిన చోట్లు తెరిచే ఉన్నాయి. ఇంకొకరైతే నునుపు కోసం వీటి మీద కూడా రేకు కప్పేవారేమో. పనికి అడ్డొచ్చే చోట కప్పకుండా ఆపేయడానికి, కప్పడానికి కావలసిన దానికంటే ఎక్కువ నేర్పు కావాలి. 1947లో నొక్కు రేకుతో చేసిన చట్రం, దిండున్న సీటు, దాని కింద బ్యాటరీ పెట్టె వచ్చినా ముందరి గీత మారలేదు. 1952 దాకా ఆ రెండు మోడళ్లూ కలిపి దాదాపు 6 లక్షలు తయారయ్యాయి.

ఎదుటి వాడలో ఎర్ర ట్రాక్టర్లు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ రేమండ్ లోవీ అనే డిజైనరును పిలిచి 1939లో ఫార్మాల్ వరసకు కొత్త రూపం ఇప్పించింది. హెచ్, ఎం మోడళ్ల గుండ్రటి ముక్కు గొప్పదే. కానీ నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది చిన్న ఫార్మాల్ ఎ. అందులో ఇంజనును ఎడమకు జరిపి, డ్రైవరును కుడికి కూర్చోబెట్టారు. సాలు సరిగ్గా కళ్ల కిందే ఉంటుంది, మధ్యలో బానెట్ అన్నదే లేదు. డ్రైఫస్ రేకును సన్నగా చేసి తీర్చిన కొరతను వీళ్లు ఇంజనునే పక్కకు నెట్టి తీర్చారు. ఇదే కంపెనీ బ్రిటన్ శాఖ నుంచి వచ్చిన బి-275 మోడలుతోనే 1960ల్లో మహీంద్రా మన దేశంలో ట్రాక్టర్లు మొదలుపెట్టింది. మన ఊళ్లలో మహీంద్రా ఎరుపు అంటున్న రంగుకు వెనక ఆ హార్వెస్టర్ ఎరుపు ఉంది.

అదే 1938లో మినియాపొలిస్-మొలీన్ కంపెనీ యూడీఎల్‌ఎక్స్ అనే ట్రాక్టరు తెచ్చింది. మూసిన క్యాబిన్, హీటరు, రేడియో, కారులాంటి బంపర్లు, రోడ్డు మీద గంటకు 40 మైళ్ల వేగం. పగలు దున్ని, సాయంత్రం భార్యాపిల్లలను ఎక్కించుకుని పట్నానికి పోవచ్చన్నది ఆలోచన. ఖరీదు 2 వేల డాలర్లు దాటింది. తయారైనవి 150 దాకా మాత్రమే. ఇవాళ మ్యూజియంలో చూస్తే కళ్లు చెదిరే వస్తువు అది. అయినా చేలో నిలబెట్టి చూస్తే దాని అందంలో సగం రోడ్డు కోసమే పుట్టిందని తెలుస్తుంది.

అందం కోసం ఎవరినీ పిలవకుండానే అందగించిన ట్రాక్టరు కూడా ఒకటుంది. హ్యారీ ఫెర్గూసన్ టీఈ20, 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండులోని కొవెంట్రీలో తయారైన బూడిదరంగు ట్రాక్టరు. 5 లక్షలకు పైగా అమ్ముడైంది. దాని బానెట్ ముందుకు వాలిపోతే ఇంజను ఎదురుగా వస్తుంది. చాలా సర్దుబాట్లకు ఒకే పానా సరిపోతుంది, ఆ పానా మీదే అంగుళాల గీతలు కూడా ఉంటాయి, నాగలి కొలత దాంతోనే చూసుకోవచ్చు. దీని తర్వాత వచ్చిన 35 మోడలు సంతతే మన టాఫే 1035. మద్రాసులో 1960లో మొదలైన టాఫే ద్వారా ఆ గుండ్రటి భుజాల రూపం గోదావరి చేలలోకీ తెలంగాణ చెలకల్లోకీ వచ్చింది. మనలో చాలామందికి ట్రాక్టరంటే కళ్ల ముందు మెదిలేది ఆ ఆకారమే.

డ్రైఫస్ రెండో గొప్ప పని 1960లో వచ్చింది. ఆగస్టు 30న డాలస్ నగరంలో జాన్ డీర్ కొత్త వరస 1010, 2010, 3010, 4010లను చూపించింది. రెండు సిలిండర్ల రోజులు పోయాయి. నాలుగు, ఆరు సిలిండర్ల ఇంజన్లు నిలబడ్డాయి. అంటే బానెట్ కింద ఇప్పుడు నిజంగానే ఇంజను ఉంది. దాని మీద ట్యాంకు కూడా పెడితే బానెట్ గోడలా లేస్తుంది. 3010, 4010లలో ఇంధనం ట్యాంకును తీసుకెళ్లి రేడియేటరు ముందు పెట్టారు. గాలిని పక్కల జాలీల గుండా పీల్చుకున్నారు. దాంతో ముందరి ముఖం దాదాపు చీలికలు లేని నునుపు రేకయింది, ముందు చక్రాల మీద కావలసిన బరువూ దొరికింది. వెన్నునొప్పి వైద్యంలో పేరున్న డాక్టర్ జానెట్ ట్రావెల్ సలహాతో సీటు మలిచారు. ఆవిడే తర్వాత అధ్యక్షుడు కెనెడీకి వైద్యురాలు. ఆ సీటు ముందు వెనకలకు వాలు పట్టాల మీద జరుగుతుంది. పొడుగు మనిషి వెనక్కి జరిపితే అది పైకి కూడా లేస్తుంది. మనుషుల కొలతలను ఏళ్ల తరబడి సేకరించి పటాలు గీయించిన ఆఫీసు మాత్రమే అలాంటి సీటు చేయగలదు. ఆ పటాలు పుస్తకంగా వచ్చిందీ అదే ఏడాది.

మరి ఇప్పటివి? పాతవే గొప్పవని కొట్టిపారేస్తే అన్యాయం. ఇప్పటి బానెట్ పెద్దదవడానికి కారణం షోకు ఒక్కటే కాదు. పొగ నిబంధనలు కఠినమయ్యాయి. మన దేశంలో 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరిలో ట్రెమ్-4 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ పొగను శుభ్రం చేసే పరికరాలకు, అదనపు కూలర్లకు చోటు కావాలి. ఈ చిక్కుకు కొందరు ఐరోపా, అమెరికా తయారీదారులు వెతికిన దారి డ్రైఫస్ మెచ్చేదే. పొగ శుద్ధి గొట్టాన్ని బానెట్ కింద కుక్కకుండా క్యాబిన్ కుడి కంబానికి ఆనించి నిలబెట్టారు. కంబం ఎలాగూ చూపుకు కొంత అడ్డమే కనుక గొట్టం దాని నీడలో దాక్కుంటుంది. బానెట్ ముందుకు వాలి, నడుము దగ్గర సన్నబడి చక్రాలు తిరగడానికి చోటిస్తుంది. 1972లో జాన్ డీర్ సౌండ్-గార్డ్ క్యాబిన్ వంపు తిరిగిన అద్దంతో మొదలుపెట్టిన పనికి ఇది కొనసాగింపు. లివర్ల రంగులు కూడా అంతే. ఇంజను ఆపడానికి ఎరుపు, బండి కదలడానికి నారింజ, పనిముట్లను తిప్పే పీటీఓకు పసుపు, మిగతావాటికి నలుపు అనే పద్ధతి ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏ కంపెనీ ట్రాక్టరెక్కినా చెయ్యి తడబడదు.

నాకు నచ్చనిది ముఖాల మీద జరుగుతున్న శ్రమ. కోపంగా చూసే దీపాలు, ఎక్కడికీ గాలి పంపని ఉత్తుత్తి జాలీలు, రెండు వేసవులకు పెచ్చులూడే స్టిక్కర్లు. 2015లో హానోవర్‌లో జరిగిన ఆగ్రిటెక్నికా ప్రదర్శనలో మన హెచ్‌ఎంటీ ట్రాక్టర్లకు మూలమైన చెక్ కంపెనీ జెటర్, ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా చేత గీయించిన ట్రాక్టరును పెట్టింది. బొమ్మగా చాలా బాగుంది. దాని ముందు చాలాసేపు నిలబడాలనిపిస్తుంది. ఆ ముఖంలోని ఏ గీత తోలేవాడి కోసం, ఏ గీత కెమెరా కోసం అని అడిగితే మాత్రం చాలావాటికి జవాబు దొరకదు.

మన చేలలో ఈ ప్రశ్న ఇంకో మలుపు తిరుగుతుంది. అయోవా రైతు ముందుకూ కిందికీ చూశాడు. మన ట్రాక్టరు పనిలో ఎక్కువ భాగం వెనక ఉంది. రోటావేటరు వెనకే, గొర్రు వెనకే, దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలు బురద ఎలా తొక్కుతున్నాయో చూడాల్సిందీ వెనకే. డ్రైవరు కుడి చెయ్యి హైడ్రాలిక్ లివరు మీద, ఎడమ చెయ్యి స్టీరింగు మీద, మెడ వెనక్కి. మన దగ్గర రేకు పనితనం చూపించాల్సింది మడ్‌గార్డు మీద, సీటు తిరిగే తీరు మీద, లివర్లున్న చోటు మీద. కొంత జరిగింది కూడా. కాళ్ల మధ్య నిలబడే గేరు రాడ్లు పక్కకు జరిగాయి. అడుగుభాగం చదునై, ఎక్కి దిగేటప్పుడు పంచె తగులుకోవడం తప్పింది. మన జహీరాబాద్ ఫ్యాక్టరీలో తయారవుతున్న మహీంద్రా ఓజా చిన్న ట్రాక్టర్లు, జపాన్ ఇంజనీర్లతో కలిసి రూపొందించినవి, తోటల సందుల్లో తిరగడానికి తగ్గ కొలతల్లో వచ్చాయి. కానీ మడ్‌గార్డు అంచు ఇంకా చాలా ట్రాక్టర్లలో రోటావేటరు మూలను దాచేస్తోంది. ఆ అంచును రెండంగుళాలు లోపలికి తీసే డిజైనరు కావాలి నాకు. వాటర్లూలో బానెట్ పక్కల్ని లోపలికి తీసినంత శ్రద్ధగా తీయాలి.