సర్దడం, సర్దుకుపోవడం

నవల చదివినవాళ్ళని ఎలా ఉందని అడిగితే కథ చెబుతారు. వీడియో గేము ఆడినవాళ్ళని అడిగితే ముందు గంటలు చెబుతారు. ‘నలభై గంటలు పట్టింది’, ‘ఆఖరి బాసు దగ్గర మూడు రోజులు ఇరుక్కుపోయాను’, ‘హార్డ్ మోడ్‌లో ముగించాను’. ఆ మాటల్లో దండయాత్ర చేసొచ్చిన అలసటా, గర్వమూ ఉంటాయి. ఆట అంటే గెలవాల్సిన కోట, ఆడినవాడు విజేత. ‘ఆడినవాడు’ అని ఊరికే అనలేదు. ఈ కొలతలు మగపిల్లల గదుల్లో, ఒకప్పటి నెట్ సెంటర్లలో తయారైనవి. అక్కడ కౌంటర్ స్ట్రైక్ ఆడే గుంపులో ఆడపిల్ల కనిపించడం ఎంత అరుదో మనందరికీ తెలుసు.

కిందటేడాది నుంచి మేం నలుగురు స్నేహితురాళ్ళం కలిసినప్పుడల్లా చదివిన పుస్తకాలతో పాటు ఆడి పూర్తిచేసిన గేముల గురించి కూడా మాట్లాడుకుంటున్నాం. ఇద్దరం కాలేజీలో పాఠాలు చెబుతాం. ఒకామె కథలు రాస్తుంది. ఇంకొకామె బ్యాంకులో పనిచేసి రిటైరయింది. ఎవరికీ తుపాకి గురిచూసి కాల్చడం చేతకాదు, రాక్షసుల్ని చంపే ఓపికా లేదు. అందుకని చిన్న గేములు ఎంచుకున్నాం. ‘గాన్ హోమ్’ (2013), ‘అన్‌ప్యాకింగ్’ (2021), ‘వెన్బా’ (2023). మొదటి రెండూ ఒకట్రెండు సాయంత్రాల్లో అయిపోతాయి. మూడోది ఒక తెలుగు సినిమా చూసినంత సేపు కూడా పట్టదు. మూడూ ఇంటి గురించినవే. గంటల లెక్కన చూస్తే మా దగ్గర చెప్పుకోవడానికేమీ లేదు. అయినా మా మాటలు మాత్రం రాత్రుళ్ళు పొద్దుపోయేదాకా సాగాయి. ఎందుకు సాగాయో రాద్దామనే ఈ ప్రయత్నం.

‘గాన్ హోమ్’ వచ్చినప్పుడు చాలామంది విమర్శకులు మెచ్చుకున్నారు. ఆటగాళ్ళలో ఒక వర్గం మాత్రం ‘ఇదసలు గేమే కాదు’ అని తీర్పు చెప్పింది. నడవడం, చూడటం, చదవడం తప్ప ఇందులో ఏముందంటూ ‘వాకింగ్ సిమ్యులేటర్’ అని వెక్కిరించింది. మరుసటి ఏడు, 2014లో, ‘గేమర్‌గేట్’ పేరుతో అలాంటి వెక్కిరింపు వేటగా మారింది. మానసిక కుంగుబాటు అనుభవం మీద ‘డిప్రెషన్ క్వెస్ట్’ అనే గేము చేసిన జోయీ క్విన్ మీద, గేముల్లో స్త్రీలని ఎలా చూపిస్తున్నారో విశ్లేషిస్తూ వీడియోలు చేసిన అనీటా సర్కీసియన్ మీద బెదిరింపులు కురిశాయి. ఆ అక్టోబరులో సర్కీసియన్ అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడాల్సి ఉంది. వస్తే కాల్పులు జరుపుతామన్న బెదిరింపు వచ్చింది. సభలోకి లైసెన్సు తుపాకులు తేకుండా ఆపడం ఆ రాష్ట్ర చట్టం ప్రకారం కుదరదని తెలిశాక ఆమె ఉపన్యాసం రద్దుచేసుకుంది. ఏది ఆటో, ఏది ఆట కాదో తేల్చే అధికారం తమదే అనుకున్నవాళ్ళు ఎంత దూరం వెళ్ళగలరో ఆ ఏడు చూశాం.

ఈ తీర్పు మనకి కొత్తది కాదు. ఎనభైల్లో స్త్రీలు ఒళ్ళు గురించి, పురుడు గురించి, వంటింటి గురించి రాసినప్పుడు ‘ఇదీ కవిత్వమేనా’ అన్నారు. 1993లో ‘నీలి మేఘాలు’ సంకలనం వచ్చేనాటికి కూడా ఆ ప్రశ్న చల్లారలేదు. ఆటల్లోనూ అంతే. మధ్యాహ్నం పనులయ్యాక చింతగింజలతో వామనగుంటలు ఆడిన అమ్మమ్మలు ఎంత లెక్క వేసేవారు! ఏ గుంటలోంచి తీస్తే ఎక్కడ ఆగుతుందో నాలుగు ఎత్తులు ముందే చూసేవారు. దాన్ని ఎవరూ క్రీడ అనలేదు, ‘కాలక్షేపం’ అన్నారు. 2012లో ‘క్యాండీ క్రష్’ వచ్చి ఆడవాళ్ళ ఫోన్లలోకి చేరాక దానికీ అదే మాట ఇంగ్లీషులో పెట్టారు, ‘క్యాజువల్’ అని. మగవాడి కాలం ఖర్చయితే సాధన, ఆడదాని కాలం ఖర్చయితే క్షేపం.

అయితే ‘ఇది కూడా గేమే’ అని వాదించి గెలవడం దగ్గరే ఆగిపోతే మనకి దక్కేది కొంచెమే. ఆ గుంపులో చోటు అడుక్కోవడమే అవుతుంది అది. గేముని అంచనా కట్టడానికి మనదైన కొలత ఒకటి కావాలి. మా మాటల్లోంచి నాకు తట్టిన కొలత ఇది. నవల మన చేత చదివిస్తుంది, సినిమా మనకి చూపిస్తుంది, గేము మన చేత చేయిస్తుంది. కాబట్టి ఒక గేము మన చేతుల చేత ఏం చేయించిందో, అంతకన్నా ముఖ్యంగా ఏం చెయ్యనివ్వలేదో అడగాలి. దాని రాజకీయం ఆ చెయ్యనివ్వకపోవడంలోనే ఉంటుంది. ఆడదాని బతుకు సంగతీ అంతేగా! నిషేధాలు ఎవరూ రాసిపెట్టరు. చెయ్యి చాపినప్పుడే తెలుస్తుంది, అక్కడ గోడ ఉందని.

‘అన్‌ప్యాకింగ్’ని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో విచ్ బీమ్ అనే చిన్న సంస్థ చేసింది. దాన్ని నడిపించిన రెన్ బ్రయర్‌కి ఆ ఆలోచన ఇల్లు మారి పెట్టెలు విప్పుతున్నప్పుడే వచ్చింది. ఆటలో చేసేదీ అదే. అట్టపెట్టెలు విప్పి, సామాను ఒక్కొక్కటీ తీసి, చోటు చూసి పెట్టాలి. 1997లో ఒక చిన్నపిల్ల గదితో మొదలై 2018 దాకా ఎనిమిది సార్లు పెట్టెలు విప్పుతాం. ఆ అమ్మాయి ముఖం ఎక్కడా కనిపించదు, మాట్లాడదు. ఆమె ఎవరో, ఏం చదివిందో, ఎవరిని ప్రేమించిందో ఆమె వస్తువులే చెబుతాయి.

2010లో ఆమె తన స్నేహితుడి ఫ్లాటులోకి వెళ్తుంది. ఇల్లంతా అప్పటికే అతని వస్తువులతో నిండి ఉంటుంది. అతని సామాను అటూ ఇటూ జరిపి, సందుల్లో ఆమెవి దూర్చాలి. చివర్లో డిగ్రీ పట్టా మిగులుతుంది. ఫ్రేము కట్టించిన పట్టా. గోడల మీద దానికి చోటు లేదు. పెట్టకూడని చోట పెడితే వస్తువు చుట్టూ ఎర్రగీత వస్తుంది, సర్దడం పూర్తవ్వదు. నేను గదిగదీ తిరిగాను. చివరికి అది మంచం కిందకి వెళ్ళింది. ఎర్రగీత పోయింది. ఆట ఒప్పుకుంది.

ఇంగ్లీషులో ఆ గేము పేరుకి పెట్టెలు విప్పడమనే అర్థం. తెలుగులో మనకి ఇంకా పదునైన మాట ఉంది. సర్దడం. ఇల్లు సర్దు, బట్టలు సర్దు. దానికి ఇంకొక్క ముక్క తగిలిస్తే సర్దుకుపో. అప్పగింతల్లో అమ్మలు చెవిలో చెప్పే మాట. పుట్టింటి నుంచి ఎన్ని పెట్టెలు తెచ్చుకున్నా అత్తవారింట్లో బీరువాలో ఒక అర దొరికితే గొప్ప. సర్టిఫికెట్లు ఎక్కడ? అటక మీద ట్రంకు పెట్టెలో. ఈ సంగతి మనం కథల్లో ఎన్నిసార్లో చదివాం, రాశాం. కానీ చదివేటప్పుడు ఆ పట్టాని మంచం కింద పెట్టింది వేరెవరో. ఇక్కడ పెట్టింది నా చెయ్యి. ఆట ముందుకు సాగాలంటే పెట్టక తప్పని చెయ్యి. ‘ఎందుకు సర్దుకుపోయావమ్మా?’ అని మన అమ్మల్ని తేలిగ్గా అడిగేసేవాళ్ళం ఆ ఎర్రగీతని ఒకసారి చూడాలి.

2012లో ఆమె అమ్మానాన్నల ఇంటికి తిరిగొచ్చేస్తుంది. 2015లో ఆమె సొంతంగా ఉంటున్న ఇంటికి మరో స్త్రీ వస్తువులు వస్తాయి. ఇప్పుడు జరగాల్సింది మన అమ్మాయి సామాను. తనకి దొరకని చోటు ఇంకొకరికి ఇవ్వడం ఆ చేతులకి వచ్చు. ఇద్దరు స్త్రీల ప్రేమ గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా, వస్తువులు జరపడంతోనే దాన్ని అర్థం చేయించిన తీరు నాకు బాగా నచ్చింది. 2022లో బ్రిటన్ బాఫ్టా అవార్డుల్లో కథనానికి, ప్రజల ఓటుతో ఇచ్చే ఉత్తమ గేముకి, రెండు బహుమతులూ దీనికే వచ్చాయి.

మా కథకురాలు ఒప్పుకోలేదు. ‘వస్తువులే మనిషి అంటే, వస్తువుల్లేనివాళ్ళ సంగతేంటి? మా ఇంట్లో పనిచేసే ఆమె మూడుసార్లు ఇల్లు మారింది, ఒకే ఒక్క ఆటోలో’ అంది. ఆ మాట నిజం. అట్టపెట్టెలు ఎవరు మోసుకొచ్చారో, సర్దిన ఇల్లు మర్నాటి నుంచి ఎవరు తుడుస్తారో ఈ గేముకి పట్టదు.

‘గాన్ హోమ్’ 1995 జూన్‌లో, ఒక వానరాత్రి జరుగుతుంది. ఏడాది పాటు యూరప్ తిరిగొచ్చిన కేటీ అమెరికాలోని ఆరెగాన్‌లో తన వాళ్ళు కొత్తగా చేరిన ఇంటికి వస్తుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. మనం కేటీ అయి గదులన్నీ వెతుకుతాం, సొరుగులు లాగుతాం, ఉత్తరాలు చదువుతాం. పదిహేడేళ్ళ చెల్లెలు శామ్, సైన్యంలో చేరబోతున్న లానీ అనే అమ్మాయిని ప్రేమించిందని మెల్లగా తెలుస్తుంది. ఉరుములు, మినుకుమినుకుమనే దీపాలు చూసి ఏ ఘోరమో జరిగి ఉంటుందని భయపడతాం. ఆడపిల్లలిద్దరి ప్రేమ చావుతోనే ముగుస్తుందని మనకి అలవాటు చేశారు కాబట్టి ఆ భయం ఇంకా పెరుగుతుంది. ఈ కథ చావుతో ముగియదు.

ఈ గేము అన్నీ తెరవనిస్తుంది. ఇంట్లో ఆడపిల్ల డైరీ, ఫోను అందరి సొత్తే అన్న అలవాటులో పెరిగినవాళ్ళం, మనకది వింతగా కూడా అనిపించదు. కానీ ఒక్కచోట, లానీతో గడిపిన సన్నిహిత క్షణాల గురించి శామ్ రాసుకున్న కాగితం దొరుకుతుంది. రెండు ముక్కలు చదవగానే కేటీ దాన్ని తనంతట తానే కింద పెట్టేస్తుంది. మనం ఎంత ప్రయత్నించినా పూర్తిగా చదవనివ్వదు. ‘అన్‌ప్యాకింగ్’లో చెయ్యనివ్వకపోవడం పెత్తనం, ఇక్కడ చెయ్యనివ్వకపోవడం మర్యాద. ఒక అక్క చెల్లెలికి ఇచ్చిన చాటు. మాలో ఇద్దరం ఆ కాగితం దగ్గర ఆగిపోయాం. మన ఇళ్ళలో ఎంతమంది అక్కలు అలా చూసి కూడా చూడనట్టు కింద పెట్టగలరు?

ఇక ‘వెన్బా’. దీన్ని చేసింది కెనడాలోని టొరాంటోకి చెందిన విసాయ్ గేమ్స్. 2024లో బాఫ్టా తొలి గేము బహుమతి దీనికి వచ్చింది. 1988లో తమిళనాడు నుంచి కెనడా వెళ్ళిన వెన్బా, పావలన్ దంపతుల కథ. చదువుకి తగ్గ ఉద్యోగాలు దొరకవు. కొడుకు కవిన్‌కి తమిళం దూరమవుతుంది. వెన్బా దగ్గర వాళ్ళమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంటుంది. చిరిగి, అక్షరాలు చెరిగిపోయిన ఆ పుస్తకంలో లేని ముక్కని మనం ఊహించి వండాలి. మొదటి వంట ఇడ్లీ. ఒక రేకు గుంటల మీద ఇంకో రేకు గుంటలు నేరుగా రాకుండా తిప్పి పెట్టాలి. ‘ఇందులో పజిలేముంది?’ అని మా బ్యాంకు స్నేహితురాలు నవ్వింది. తనకి తెలిసిన సంగతి ఒక విద్య అని, తెలియనివాళ్ళకి అది చిక్కుముడి అని ఆమెకి అరవై ఏళ్ళకి ఒక గేము చెప్పింది. ఆమె ఈ గేము ఆడుతూ ఏడ్చింది కూడా. పురుళ్ళు పోయడానికి రెండుసార్లు అమెరికా వెళ్ళొచ్చిన మనిషి, మనవలు తెలుగులో జవాబు చెప్పని మనిషి, ఏడవకుండా ఎలా ఉంటుంది?

నాకు మాత్రం ఊపిరాడలేదు. వెన్బాకి ఏళ్ళకేళ్ళు గడిచిపోతాయి, మనం మాత్రం పొయ్యి దగ్గరే ఉంటాం. ఆమె చదువు, ఆమె ఉద్యోగం మాటల్లో దొర్లిపోతాయి. మన చేతులకి అందేవి గరిటె, గిన్నె. కొడుకు మీద ప్రేమ చూపించాలన్నా, భర్త పోయిన దుఃఖం మొయ్యాలన్నా వంటే. ‘అన్‌ప్యాకింగ్’కి పట్టా దగ్గర తాను చేసేది అన్యాయమని తెలుసు. ‘వెన్బా’కి వంటింటి తలుపు మూసి ఉందని తెలియదు. ఆ తలుపుకి అమ్మ ప్రేమ అని పేరు పెట్టింది. విమల ‘వంటిల్లు’ కవిత చదివి పెరిగిన తరానికి ఇది కనపడకుండా పోదు. పైగా ఏ వంటిల్లు? 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చాక అయినా మనం వంటింటిని ఏకవచనంలో మాట్లాడటం మానుకోవాలి. సొంత వంటగదిలో బందీ కావడం ఒక బాధ. పొలంలోనో, పరాయి వంటింట్లోనో రోజంతా గడిచాక తన పొయ్యి వెలిగించుకోవడం ఇంకో బాధ. పోగొట్టుకున్న వంటల పుస్తకం మీద బెంగ పెట్టుకోవాలంటే, ముందు రాసిపెట్టే అక్షరం ఇంట్లో ఉండాలి.

అయినా ఈ గేములో ఒక అధ్యాయం దగ్గర నా కోపం ఆగింది. అక్కడ గరిటె పెద్దవాడైన కవిన్ చేతికి వస్తుంది. అమ్మ పుస్తకం తెరిస్తే తమిళం అతనికి సగమే అర్థమవుతుంది. మనకీ అంతే కనిపిస్తుంది, మధ్యమధ్య ఖాళీలతో. అమ్మ చేతి వంట అని పాటలు కట్టే కొడుకులందరి చేతా ఆ అధ్యాయం ఆడించాలి. దాన్ని ‘అమ్మ చేతి మహిమ’ అని వదిలేసినన్నాళ్ళూ అది విద్య అని వాళ్ళకి తెలియదు.

ఈ మూడింటినీ పూర్తిచేశాం అని అంటున్నాం కానీ, ఇంటిపని పూర్తయిందని ఏ ఆడదీ ఎప్పుడూ అనలేదు. అన్ని వస్తువులూ చోటు చేరగానే ఆట మెచ్చుకుంటుంది. ఆ మెప్పు మన వంటింట్లో ఎవరూ ఇవ్వలేదు కాబట్టే అది అంత తియ్యగా ఉంటుంది. ఆ తీపిని అనుమానించాలి కూడా.

మనలో చాలామంది ఆడుతున్నారు, ఫోన్లలోనో పిల్లల లాప్‌టాప్‌లలోనో. ఆడినట్టు చెప్పుకోరు. చెప్పుకోవాలి, రాయాలి. ఎన్ని గంటలు పట్టిందన్నది వదిలేద్దాం. నీ చేత ఏం చేయించింది, ఏం చెయ్యనివ్వలేదు, ఆ చెయ్యనివ్వకపోవడం ఎవరి మేలుకి? ఈ మూడు ప్రశ్నలూ మన తల్లుల బతుకుల నుంచి మనకి వచ్చినవే. గేములకీ సరిగ్గా సరిపోతాయి.