ఉద్దానపు పటములో రంగులు

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం మొదలుకొని పలాస, వజ్రపుకొత్తూరు వరకు సముద్రతీరము వెంబడి కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే ఇట్లు మారినదందురు. ఈ పచ్చని నేలను మూత్రపిండముల వ్యాధి కొన్ని దశాబ్దులుగా పీడించుచున్నది. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 67 గ్రామములందు సుమారు 2400 మంది పెద్దలను పరీక్షింపగా, నూటికి 21 మందిలో వ్యాధి కనబడినది. దీనికి మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు.

డయాలిసిస్ కేంద్రము ఎక్కడ పెట్టవలెను, మంచినీటి గొట్టము ముందుగా ఏ ఊరికి వేయవలెను అను ప్రశ్నలకు పటము మంచి సాధనమే. కాని తరచుగా కనబడునవి మండలములకు రంగులు పూసిన పటములు. మండలపు హద్దు తహశీల్దారు కచేరీ కొరకు గీచినది. భూగర్భజలమునకు దానితో పని లేదు.

రోగుల సంఖ్యనుబట్టి రంగు వేయుట మరియొక పొరపాటు. 4000 జనాభాగల ఊరిలో 40 మంది రోగులు, 300 జనాభాగల పల్లెలో 15 మంది ఉన్నారనుకొందము. సంఖ్యనుబట్టి మొదటి ఊరు ఎఱ్ఱబడును. నిష్పత్తి చూచినచో మొదటిది నూటికి 1, రెండవది నూటికి 5. నిధులు ఎఱుపు వెంట పోవును గనుక ఇది కేవలము లెక్కల తరగతిలోని తప్పు కాదు.

అంతకన్న మోసకరమైనది తెలుపు. ఈ వ్యాధి తొలిదశలో బాధ పెట్టదు. రక్తములోని క్రియాటినిన్ పరీక్షించిననే బయటపడును. పలాసకో, టెక్కలికో దూరమైన ఊరివారు పరీక్షకు రానిచో ఆసుపత్రి రికార్డులలో వారి పేర్లుండవు. పటములో ఆ ఊరు తెల్లగా ఉండును. వ్యాధి లేని తెలుపు, పరీక్ష లేని తెలుపు ఒకే రంగుగా చూపు పటము అసత్యము చెప్పుచున్నట్లే. రెండవదానిని గీతలతో నింపినచో సరిపోవును.

1854లో లండనులో కలరా వ్యాపించినపుడు జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను పటముపై గుర్తించిన సంగతి విద్యార్థులెరుగుదురు. అయితే ఆయన వాదమునకు బలమిచ్చినవి చుక్కలు మాత్రమే కావు. బ్రాడ్ స్ట్రీటు పంపు ప్రక్కనున్న సారాయి బట్టీ పనివారు ఆ నీరు త్రాగలేదు, చావలేదు. దూరమున హాంప్‌స్టెడ్‌లోనున్న ఒక వృద్ధురాలు ఆ నీటినే తెప్పించుకొని త్రాగి మరణించినది. పటమునకు లొంగని ఈ ఉదాహరణలను ఆయన ఇంటింటికి పోయి విచారించెను.

పైగా కలరా కొద్దిదినములలో చంపును. మూత్రపిండములు చెడుటకు ఏండ్లు పట్టును. వలసపోయి తిరిగివచ్చిన కూలీకి నేటి ఇంటివద్ద చుక్క పెట్టినచో, వ్యాధి అక్కడనే పుట్టినదని అర్థము కాదు. వెనుక ఎక్కడ ఏ పని చేసెను, ఏ నీరు త్రాగెను అనునదియు వ్రాసికొనవలెను. ఇంటింటికి చుక్క పెట్టిన పటమును బహిరంగపరచుట మాత్రము తగదు. ఆ ఇంటి పిల్లలకు పెండ్లి సంబంధములు తప్పిపోవచ్చును.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము ప్రారంభింపబడినవి. హిరమండలం జలాశయమునుండి ఉద్దానమునకు నీరు తెచ్చు పథకము కూడ ఆనాడే ఆరంభమైనది. డయాలిసిస్ సాధారణముగా వారమునకు రెండు మూడు సార్లు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు చేయవలసియుండును. కనుక పటములో గీయవలసిన దూరము మైళ్ళది కాదు. కవిటి తీరమున బస్సు ఎక్కిన రోగి పలాస చేరుటకు, తిరిగి ఇల్లు చేరుటకు పట్టు గంటలది.