పెద్దవుతున్న పిల్లల చేతికి ఏ పుస్తకం?

సౌదీలో తెలుగు పుస్తకం బజారులో దొరికే వస్తువు కాదు. 1979లో రియాద్‌లో మొదలైన జరీర్ వారి దుకాణాలలో అరబ్బీ, ఇంగ్లీషు పుస్తకాలు కావలసినన్ని ఉంటాయి గాని, తెలుగు పుస్తకం మాత్రం సెలవులకు ఊరు వెళ్ళివచ్చినవారి పెట్టెలో, ఆవకాయ డబ్బాకూ కందిపొడి పొట్లానికీ నడుమ ఒదిగి రావలసిందే. విమానంలో అనుమతించే బరువు లెక్కలో కిలో పుస్తకాలు తేవాలంటే కిలో మరేదో వదులుకోవాలి. కనుక ఏ పుస్తకం తెస్తున్నాం అన్న విచారణ ఇక్కడ ఉత్త కాలక్షేపం కాదు. పదమూడు మొదలు పద్దెనిమిది ఏళ్ళ పిల్లల కోసం తెచ్చే వాటి విషయంలో అసలే కాదు.

వ్యక్తిత్వ వికాసం, జీవన నైపుణ్యాలు, విజయ రహస్యాలు అన్న పేర్లతో వచ్చే పుస్తకాలు మన సభ్యుల ఇళ్ళలో తరచు కనిపిస్తాయి. నవల మీద, కవిత మీద మనం గంటల తరబడి వాదించుకుంటాం. వీటిని మాత్రం విమర్శకు అతీతమైనవన్నట్టు వదిలేస్తాం. మంచి మాటలు చెప్పేవే కదా అనుకుంటాం. మంచి మాటలు చెప్పే పుస్తకానికే గట్టి పరీక్ష కావాలని మేము అంటున్నాము. కథ నచ్చకపోతే పిల్లవాడు పక్కన పడేస్తాడు. సలహా తప్పయితే దాన్ని ఆచరించి దెబ్బతింటాడు.

ఇక్కడి పిల్లల పరిస్థితిని కొంచెం ఆలోచించండి. జిద్దా, రియాద్, దమ్మాం, జుబైల్ ఇండియన్ స్కూళ్ళలో సీబీఎస్ఈ చదువు పన్నెండో తరగతితో ముగుస్తుంది. ఆపైన ఎక్కువమంది ఒంటరిగా ఇండియా చేరి హాస్టళ్ళలో ఉంటారు. తల్లిదండ్రులు ఇక్కడే ఉండిపోతారు. అమ్మమ్మ, మేనమామ, వీధి చివరి మాస్టారు ఎవరూ అందుబాటులో లేకుండా పెరిగిన పిల్లకు ఒక్కొక్కప్పుడు పుస్తకమే ఇంటి పెద్ద. ఆ పెద్ద ఎటువంటివాడో చూసుకోవద్దా?

ఇందుకు మేము మూడు ప్రశ్నలు పెట్టుకున్నాము. మొదటిది: పుస్తకం పిల్లల సందేహంతో మొదలవుతుందా, పెద్దల ఆజ్ఞతోనా? రెండోది: అందులోని సమాచారానికి ఊరు, ఏడు ఉన్నాయా? మూడోది: కష్టం వచ్చినపుడు నీ తప్పే అని చెప్పి ఊరుకుంటుందా, ఎక్కడికి వెళ్ళాలో కూడా చెబుతుందా?

మొదటి ప్రశ్నకు ఒక మంచి ఉదాహరణ మన భాషలోనే ఉంది. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'సవాలక్ష సందేహాలు' స్త్రీల ఆరోగ్యం గురించిన పుస్తకం. పిల్లల కోసం రాసినది కాదు. అయినా స్త్రీలు అడగడానికి జంకే సంగతులను దాచకుండా, మామూలు మాటలలో, చదివేవారిని చిన్నబుచ్చకుండా వివరించడం దాని పద్ధతి. ఎదిగిన ఆడపిల్లకు ఒంటి సంగతి ఏ ధోరణిలో చెప్పాలో నేర్చుకోవాలంటే ఇప్పటికీ ఆ పుస్తకం చూడాలి. అయితే అందులోని వైద్య సమాచారం మూడు దశాబ్దాల కిందటిదని గుర్తుంచుకొని, మందుల విషయం నేటి డాక్టరును అడగాలి. ఆరోగ్య, లైంగిక విజ్ఞానాన్ని తెలుగు పాఠకులకు సూటిగా అందించిన డాక్టర్ సమరం గారి రచనల బలం కూడా ఇదే. అవతలివారు అడిగిన దానికి జవాబు చెప్పడమే వాటి తీరు.

పిల్లల పుస్తకాలలో ఇవన్నీ ఎందుకు అనేవారు మనలో ఉన్నారు. ఇండియాలోనూ ఉన్నారు. కౌమార విద్య పేరిట పాఠశాలల్లోకి వచ్చిన కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు అడ్డుకున్నాయి. వారి భయం మాకు అర్థమవుతుంది. కాని పిల్లల చేతిలో ఫోను పెట్టిన తరువాత మౌనం కాపాడుతుందన్న మాట నిలవదు. పుస్తకం చెప్పకపోతే ఫోను చెబుతుంది, అదీ తప్పుగా.

ఇక రెండో ప్రశ్న. ఇండియాలో అచ్చయిన పుస్తకం ప్రమాదం జరిగితే 108కి, పిల్లలకు ఆపద వస్తే 1098కి ఫోను చేయమంటుంది. అక్కడ అది బంగారం లాంటి సలహా. ఇక్కడ అంబులెన్సు కావాలంటే రెడ్ క్రెసెంట్ వారి నంబరు 997. పిల్లల సహాయానికి 116111. ఫోను జాగ్రత్తల అధ్యాయం కూడా అంతే. సౌదీలో 2007 నాటి సైబరు నేరాల చట్టం ప్రకారం కెమెరా ఉన్న ఫోనుతో ఇతరుల ఆంతరంగికతకు భంగం కలిగిస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ళ వరకు జరిమానా ఉండవచ్చు. స్నేహితుణ్ణి ఏడిపించడానికి తీసిన ఫోటో తండ్రి కొలువు దాకా రాగలదని పదిహేనేళ్ళ కుర్రవాడికి చెప్పని పుస్తకం, ఎంత అందంగా అచ్చయినా, ఇక్కడ సగం పుస్తకమే.

ఊరితో పాటు ఏడు కూడా చూడాలి. గల్ఫు జీవితం గురించి 2018 జూన్‌కు ముందు రాసిన పుస్తకంలో సౌదీలో ఆడవారు కారు నడపరాదని ఉంటే, అది ఆనాటికి నిజం, నేడు అబద్ధం. 2021 మార్చిలో మొదలైన సంస్కరణలతో చాలామంది ప్రైవేటు ఉద్యోగులకు, కొన్ని షరతులకు లోబడి, కఫీలు అంగీకారం లేకుండా ఉద్యోగం మారే వీలు కలిగింది. ఇంటిపని చేసేవారు మాత్రం ఆ సంస్కరణల్లోకి రాలేదు. ముద్రణ సంవత్సరం వేయకుండా 'సరికొత్త' అని అట్ట మీద వేసుకునే పుస్తకాన్ని మేము అనుమానంతోనే తెరుస్తాము.

మూడో ప్రశ్న దగ్గర మన విజయ గ్రంథాలు తడబడతాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' ఈ కోవ రచనలకు తెలుగులో పెద్ద పాఠకలోకాన్ని సంపాదించింది. నవలాకారుడి కలం కనుక చదివించే గుణానికి లోటు లేదు. ఇంద్రజాలికుడిగా పేరుపొంది, వ్యక్తిత్వ వికాసం మీద ఎన్నో పుస్తకాలు రాసిన బి.వి. పట్టాభిరామ్ గారి మేలు కూడా చిన్నది కాదు. బిడియపడే పిల్లలకు ధైర్యం చెప్పిన రచనలవి. కాని వీరి దారిలో బయలుదేరిన అనేకానేక చవక పుస్తకాలకు ఒకే మంత్రం: గెలుపు నీ సంకల్పంలో ఉంది. అంటే ఓటమి కూడా నీలోనే ఉందని కదా! 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల లెక్కింపులో పొరపాట్లు జరిగాయని ఆ తరువాత తేలింది. అటువంటి వేళ సంకల్పబలం పుస్తకం పిల్లవాడికి ఏం చెప్పగలదు? మార్కులు తిరిగి లెక్కించమని దరఖాస్తు ఎలా పెట్టాలో, ముందుగా ఎవరి దగ్గర కూర్చుని ఏడవవచ్చో చెప్పే పేజీ అప్పుడు కావాలి.

1998లో సీన్ కవీ టీనేజి పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'ఏడు అలవాట్ల' పుస్తకం ఇందులో ఒక అడుగు ముందుంది. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసి చూసుకోమంటుంది. బాగుంది. కాని చేతిలో లేని వాటి జాబితా అమెరికా పిల్లలది. మన పిల్లల జాబితా వేరు. 2017 జూలైలో డిపెండెంటుకు నెలకు 100 రియాళ్ళతో మొదలైన రుసుము 2020 నాటికి 400 అయింది. ఆ భారం మోయలేక ఎన్నో కుటుంబాలు భార్యాపిల్లలను ఇంటికి పంపివేశాయి. హఠాత్తుగా బడి మారిన పిల్లవాడికి ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పకపోతే, తన చదువు బాగులేకనే నాన్న పంపేశాడనుకుంటాడు. ఇంటికి చేరాక స్థానికుడివా కాదా అన్న ప్రశ్న ఎదురవుతుంది. నాలుగేళ్ళ చదువు రాష్ట్రంలో లేనివాడు వృత్తివిద్య సీట్లలో స్థానికుడు కాకపోవచ్చు. గల్ఫు కార్మికుల పిల్లలకు ఎన్‌ఐటీల వంటి చోట్ల రుసుము రాయితీతో ప్రత్యేక ప్రవేశం ఉందన్నది మాత్రం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. జీవన నైపుణ్యమంటే ఇవి తెలిసి ఉండడం కాదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పేర్కొన్న పది నైపుణ్యాలలో ఆత్మపరిశీలన, సహానుభూతి, నిర్ణయం తీసుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం ఉన్నాయి. సీబీఎస్ఈ వారు 2009లో తెచ్చిన నిరంతర మూల్యాంకనంలో ఇటువంటి వాటికి గ్రేడులు కూడా వేశారు. 2017 తరువాత ఆ పద్ధతి పోయింది. పోయినందుకు మాకు విచారం లేదు. సహానుభూతికి గ్రేడు వేస్తే పిల్లలు గ్రేడు తెచ్చుకోవడం నేర్చుకుంటారు, సహానుభూతి కాదు. పుస్తకానికైనా ఇదే మాట. ప్రతి అధ్యాయం చివరా ఖాళీలు పూరించమనే పుస్తకం కన్నా, తలుపు తెరిచి ఇక నీవు ఆలోచించు అని వదిలే పుస్తకం మేలు.

ఇక్కడి పిల్లలకు సరిగ్గా సరిపోయే పుస్తకం ఒక్కటీ మాకు కనబడలేదు. అందాకా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. మన సంఘం బీరువాలో ఈ కోవ పుస్తకాలు ఉన్నాయి. తీసుకువెళ్ళిన తల్లిదండ్రులు పిల్లలతో కలిసి చదివి, పుస్తకం ఏ ఏటిదో, ఏ మాట ఇక్కడ చెల్లదో, దానికి బదులు ఇక్కడి నంబరు ఏమిటో చివరి అట్ట లోపల పెన్సిలుతో రాసి తిరిగి ఇవ్వండి. పెన్సిలుతోనే రాయండి. నంబర్లూ నిబంధనలూ మారుతుంటాయి, తరువాత చదివే పిల్లలు చెరిపి దిద్దుకోవాలి.